గలత్ నంబరే, అయినా చెరపొద్దు



ఈసారి కాస్త టెక్నికల్ సంగతి. ఇంట్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్నవాళ్లు, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లు తప్పకుండా చదవండి. మిగతావాళ్లు చాయ్ పక్కన పెట్టుకుని కొంచెం సబర్ చేయండి, అర్థమయ్యేలాగే చెప్తాను.

మా అమ్మీ స్టీల్ అల్మారాలో, అడుగు అరలో, పాత చీరల మధ్య ఒక క్యాసెట్ ఉంది. 1994లో రాయచోటిలో జరిగిన మా ఆపా షాదీది. అందులో అబ్బా ఉన్నారు. అబ్బా 2003లో ఇంతెఖాల్ అయ్యారు. ఫొటోలు నాలుగైదు ఉన్నాయి గానీ కెమెరా ముందు ఆయన బిగుసుకుపోయే మనిషి. ఆయన నవ్వడం, నడవడం, దస్తర్‌ఖాన్ వెంట ఒంగి ఒంగి తిరుగుతూ "ఇంకొంచెం వేయించుకోండి" అని బతిమాలడం, ఇవన్నీ ఆ ఒక్క క్యాసెట్‌లోనే. దాని కాపీ ఒకటి దూల్హాభాయితో పాటు కువైట్ వెళ్లింది. ఎన్ని ఇళ్లు మారిందో, ఎవరికి చూడ్డానికి ఇచ్చారో, తిరిగి రాలేదు.

పోయిన ఏడు ఈద్ సెలవుల్లో కూర్చున్నాం. నేను, ఆపా చిన్న కూతురు. తను ఈసీఈ మూడో సంవత్సరం. నాది ఇరవై ఏళ్లుగా డివైస్ డ్రైవర్లు రాసుకుని బతికే నౌకరీ. దోస్తు ఒకతని దగ్గర వీసీఆర్ అడిగి తెచ్చాం. టేప్‌లోని వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న యూఎస్‌బీ డబ్బా ఒకటి కొన్నాం. నా లాప్‌టాప్‌లో లినక్స్. ప్లే నొక్కాం.

ఆవాజ్ వచ్చింది. తస్వీర్ రాలేదు.

అబ్బా ఎవరినో పిలుస్తున్నారు. అమ్మీ వంటగదిలోంచి చెయ్యి కూడా తుడుచుకోకుండా వచ్చింది. తెర మీద మాత్రం రంగు లేదు, మనుషులు బూడిద గీతల్లాగా మెలికలు తిరుగుతున్నారు. అమ్మీ రెండు నిమిషాలు నిలబడి, "మనిషి ఎక్కడ?" అని అడిగి వెళ్లిపోయింది. ఆవాజ్‌ది వేరే దారి, తస్వీర్‌ది వేరే దారి అని ఆమెకు చెప్పి ఏం లాభం.

తస్వీర్ దారిలో కూర్చుని ఉండేది వీడియో డీకోడర్ అనే చిప్. పసుపు పిన్ను వైరులో వెలుగు, రంగు, సింక్ మూడూ కిచిడీలాగా కలిసి వస్తాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు 625 గీతలు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. ఆ కిచిడీలోంచి బియ్యం వేరు, పప్పు వేరు తీసి కంప్యూటర్‌కు అంకెలుగా అందించడం డీకోడర్ పని. ఎన్నో క్యాప్చర్ కార్డుల్లో ఈ పని చేసిన చిప్ ఫిలిప్స్ కంపెనీది, ఎస్‌ఏఏ 7113. ఫిలిప్స్ చిప్‌ల విభాగం 2006లో ఎన్‌ఎక్స్‌పీ అని వేరుపడింది. చిప్ పాతబడింది. డ్రైవర్ మాత్రం లినక్స్ కర్నెల్‌లో ఇంకా ఉంది.

కరెంటు అందిన మాత్రాన ఈ చిప్ తస్వీర్ ఇవ్వదు. ఎవరో దాన్ని పనికి తయారు చేయాలి. దాన్నే ఇనిషియలైజేషన్ అంటాం. ఐ టూ సీ అనే రెండు తీగల దారిలో, ఒక తీగ గడియారానికి, ఒకటి డేటాకు, డ్రైవర్ వెళ్లి ముందు పలకరిస్తుంది. "నీ పేరేంటి?" అని సున్నా నంబర్ రిజిస్టర్‌ను ఒక్కో అక్షరం చొప్పున అడుగుతుంది. 7113 అని జవాబు వస్తే, ఆ చిప్‌కు తగ్గ టేబుల్ తీసి వరసగా రాస్తుంది. టేబుల్ అంటే జతలు: ఏ రిజిస్టర్, ఏ విలువ. చివర రెండు సున్నాలు వచ్చేదాకా రాసుకుంటూ పోవడమే. తర్వాత ఏ దేశపు పద్ధతి, ఏ ఇన్‌పుట్ అనేది చెప్తుంది. ఆఖరికి "ఇక పంపు" అంటుంది.

మా మొదటి సాయంత్రపు గొడవ చాలా చిన్నది. ఇలాంటి డబ్బాల్లో ఉండే ఎస్‌టీకే 1160 అనే చిప్ డ్రైవర్ పనిని అమెరికా వాళ్ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతితో మొదలుపెడుతుంది. 525 గీతలు. మన క్యాసెట్ పాల్. నేను పాల్ అని చెప్పడం మరిచిపోయాను. ఇరవై ఏళ్ల తజుర్బా ఉన్నవాడిని! మేనకోడలు ముందు కొంచెం షర్మిందా అయ్యాను. ఒక్క కమాండ్‌తో రంగు వచ్చింది. అబ్బా తెల్ల షేర్వానీలో కనిపించారు.

కానీ తస్వీర్ పై అంచు వంకర. గీతలు పై భాగాన ఒక పక్కకు ఒరిగి, జెండా ఊగినట్టు ఊగుతున్నాయి. వీసీఆర్ టేపుల్లో ఇది మామూలే. తిరిగే హెడ్, సాగిన టేపు కలిసి సింక్‌ను అటూ ఇటూ జరుపుతాయి. "మనమేమైనా చేయొచ్చేమో చూద్దాం మామూ" అని తను డ్రైవర్ సోర్స్ తెరిచింది. అసలు బహస్ అక్కడ మొదలైంది.

ఆ టేబుల్ మీద ఒక నోట్ ఉంది. దాని మతలబు ఇది: ఈ టేబుల్లో చట్టానికి బయట ఉన్న విలువ ఒకటి ఉంది, డేటాషీట్‌తో కుదరనివి ఇంకొన్ని ఉన్నాయి, సరైన విలువలు కావాలంటే డ్రైవర్‌కు చెప్పండి, వేరే టేబుల్ వాడుతుంది. కింద ఆయా విలువల పక్కన వివరం కూడా ఉంది. ఆరో రిజిస్టర్‌లో హెక్స్ 89 రాసి ఉంది, అంటే మైనస్ 119. కనిష్ఠం మైనస్ 108, అంటే హెక్స్ 94. పాల్ గీత ఒక్కటి ఈ చిప్ లెక్కలో 216 మెట్లు. మధ్య నుంచి అటు నూటెనిమిది వెళ్తే గీత అయిపోయింది. మైనస్ 119 అంటే గోడ దాటి పదకొండు అడుగులు. ఎనిమిదో రిజిస్టర్‌లో హెక్స్ 88 ఉంది, అంటే సింక్‌ను పట్టుకోవడానికి వీటీఆర్ పద్ధతి. డేటాషీట్ చెప్పేది హెక్స్ 98, త్వరగా పట్టుకునే పద్ధతి.

మా పిల్ల కళ్లు పెద్దవి చేసుకుంది. "గల్తీ అని వాళ్లే ఒప్పుకున్నారు. మరి ఎందుకు ఉంచారు? దిద్దొచ్చు కదా?"

ఈ సవాల్‌కు నా జవాబే ఈ వ్యాసం. దిద్దకపోవడమే సరైన పని. ఆ నోట్ రాసినవాళ్లు చేసింది, ఈ రకం పనిలో నేను చూసిన మంచి ఇన్సాఫ్‌లలో ఒకటి.

ఎందుకంటే ఆ గలత్ నంబర్‌తోనే దునియాలో ఎన్నో డబ్బాలు ఏళ్ల తరబడి పనిచేశాయి. ఎవరి ఇంట్లో ఏ కార్డు ఉందో, దాని వెనక ఏ వీసీఆర్ ఉందో, ఏ కెమెరా తగిలించుకున్నారో ఎవరికీ హిసాబ్ లేదు. మైనస్ 119 వల్ల చాలా చోట్ల నష్టం లేకపోవడానికి కారణం, నా అంచనా, ఆ రిజిస్టర్ జరిపేది ఒక పిన్ను మీద వచ్చే సింక్ పల్స్‌ను. చాలా బోర్డులు ఆ పిన్నును పట్టించుకోవు, సింక్‌ను డేటాలోంచే చదువుకుంటాయి. పట్టించుకునే బోర్డు ఎక్కడైనా ఒకటి ఉంటే? అది ఆ గల్తీకి అలవాటు పడి, దానికి తగ్గట్టే సర్దుకుని ఉంటే? మనం ఇక్కడ కూర్చుని అంకె దిద్దితే, ఇంకో ఊళ్లో ఇంకొకరి అబ్బా తెర మీంచి మాయమవుతారు. లినస్ టోర్వాల్డ్స్ కర్నెల్ వాళ్లకు పదే పదే చెప్పే మాట ఒకటుంది, వాడుకునేవాళ్ల పని చెడగొట్టొద్దని. ఆయన జబాన్ కరుకే గానీ ఈ మాట మీద నేను ఆయన పక్షం.

2013 ప్రాంతంలో జీఎం 7113సీ అని, ఎస్‌ఏఏ 7113 పోలికలో వచ్చిన ఇంకో చిప్‌ను ఈ డ్రైవర్‌లో చేర్చారు. దాని కోసం డేటాషీట్ ప్రకారం కొత్త టేబుల్ రాశారు. పాత టేబుల్‌ను మాత్రం ముట్టుకోలేదు. పక్కన నిజం రాసి ఊరుకున్నారు. పాత పట్టాలో ఎల్లలు తప్పు పడితే పట్టా చింపరు కదా. అంచున సంతకంతో నోట్ రాస్తారు, కొత్తది విడిగా తీస్తారు.

ఈ కొత్త చిప్ సంగతి ఇంకా తమాషా. పేరేంటని ఎన్నిసార్లు అడిగినా సున్నాలే చెప్తుంది. డ్రైవర్ రాసినవాళ్లు ఆ సున్నాలనే దాని గుర్తుగా పెట్టుకున్నారు. అక్కడ కూడా ఒక నోట్ ఉంది: డేటాషీట్ ప్రకారం వెర్షన్లు 1, 2 మాత్రమే ఉండాలి, కానీ ఫలానా లేబుల్, 1145 అని ఉన్న చిప్‌ను పరీక్షిస్తే 16 సార్లూ 10 అనే వచ్చింది, అందుకని వెర్షన్ సున్నాను కూడా ఒప్పుకుంటున్నాం. చూడండి, ఏ వస్తువును చూశారు, దాని మీద ఏం రాసి ఉంది, ఎన్నిసార్లు అడిగారు, ఏం జవాబు వచ్చింది. మన పెద్దలు ఒక మాట వినగానే సనద్ అడిగేవాళ్లు, ఎవరి నోట విన్నావు, ఆయన ఎవరి నోట విన్నాడు అని. ఈ నోట్‌కు సనద్ ఉంది. పదేళ్ల తర్వాత వచ్చినవాడు కూడా దాని మీద నిలబడగలడు.

ఇంకోటి చెప్పి ముందుకు వెళ్తాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల డీకోడర్ టీవీపీ 5150. దాని లినక్స్ డ్రైవర్‌లో టేబుల్ పైన, ఇవి డేటాషీట్ సూచించిన విలువలు అని ఎక్కడినుంచి తెచ్చారో రాశారు. లోపల ఒక చోట, అవుట్‌పుట్ మొదలుపెట్టే రిజిస్టర్ దగ్గర, హెక్స్ 9 నా, హెక్స్ డి నా అని రాసి ప్రశ్న గుర్తు పెట్టారు. ఆ రెంటికీ తేడా ఒక్క బిట్టు. కుర్రవాళ్లకు చూపిస్తే నవ్వుతారు, కర్నెల్‌లో ఇలా డౌట్లు పెట్టుకుంటారా అని. నాకు మాత్రం ఆ ప్రశ్న గుర్తు మీద చాలా ఇజ్జత్. తెలియనిది తెలియదని దస్తఖత్ చేసినట్టు.

నాకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. పదేళ్ల కిందట ఒక కంపెనీలో బస్సులకు వెనక కెమెరా తెర చేసేవాళ్లం. డీకోడర్ చిప్ తయారీదారు ఇచ్చిన నమూనా కోడ్ ఉంది. అందులో రీసెట్ చేశాక సెకనులో నూరో వంతు ఆగమని ఒక లైను, తర్వాత ఒకే రిజిస్టర్‌కు రెండుసార్లు రాసే లైన్లు. పక్కన ఒక్క ముక్క లేదు. తెర త్వరగా వెలగాలని పై నుంచి ఒత్తిడి. నేను చూశాను, ఫజూల్‌గా ఆగుతోంది అనుకున్నాను, తీసేశాను. నా టేబుల్ మీద ఉన్న బోర్డులన్నీ బ్రహ్మాండంగా వెలిగాయి. షాబాష్ కూడా అందుకున్నాను.

చలికాలం వచ్చింది. తెల్లవారుజామున డిపోలో స్టార్ట్ చేసిన బస్సుల్లో కొన్నింటికి వెనక తెర నల్లగా. ఆపి మళ్లీ తాళం తిప్పితే వస్తుంది. పగలు మేం వెళ్లి చూస్తే ఏ గొడవా లేదు. రెండు నెలలు వెతికాం. కనెక్టర్లు మార్చాం, వైర్లు మార్చాం, పాపం కెమెరా అమ్మినవాణ్ని తిట్టాం. ఆఖరికి ఆ కోడ్ మొదట రాసినాయన ఎవరో కనుక్కుని ఫోన్ చేస్తే, ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అది క్రిస్టల్ కుదురుకోవడానికి కదా, చలికి కొన్ని లేటవుతాయి" అన్నాడు. అంతే. ఆయనకు తెలుసు. రాయడానికి ఆయనకు పది సెకన్లు పట్టేది. ఆ రెండు నెలల్లో ఏ బస్సు వెనక ఎవరూ నిలబడి లేనందుకు ఇప్పటికీ అల్లాకు షుక్ర్ చేస్తాను. గల్తీ నాదే. అర్థం కానిదాన్ని తీసేయడం నా గల్తీ. కానీ అర్థమయ్యే దారి కూడా ఎవరూ ఉంచలేదు.

దీనికి రెండు ఏతరాజులు వింటుంటాను. ఒకటి, కంపెనీలు డేటాషీట్‌ను తాళంలో పెడతాయి, బయట చెప్పనని సంతకం చేస్తేనే ఇస్తాయి, వజహ్ ఎలా రాస్తాం అని. అందులో నిజముంది. కానీ "తయారీదారు ఇచ్చిన విలువ, కారణం చెప్పలేదు, ఫలానా తారీఖున వచ్చింది" అని రాయడానికి ఏ సంతకం అడ్డొస్తుంది? అది కూడా సనదే, కొంచెం బలహీనమైన సనద్. రెండోది, నోట్లు పాతబడి అబద్ధాలవుతాయి, కోడే నిజం అని. మామూలు కోడ్‌కు ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. లూపు చదివితే లూపు ఏం చేస్తుందో తెలుస్తుంది. హెక్స్ 89 ని ఎన్నిసార్లు చదివినా అది హెక్స్ 89 మాత్రమే. దాని వెనక ఎవరో ఏదో టీవీ ముందు కూర్చుని, ఏదో చూసి, ఆ అంకె ఎంచుకుని ఉంటారు. ఆ మనిషి ఏం చూశాడో కోడ్ ఎప్పటికీ చెప్పదు.

నా మాటకు ఒక బలహీనత ఉందని కూడా ఒప్పుకుంటాను. గలత్ నంబర్‌ను ఉంచితే, ఎవరో దాన్ని కాపీ కొట్టి ఇంకో డ్రైవర్‌లో పెడతారు. నోట్ వదిలేసి అంకె ఒక్కటే తీసుకెళ్తారు. ఇలా జరగడం నేను చూశాను, నేనూ చేశాను. దానికి నా దగ్గర ఇలాజ్ లేదు.

ఇక మా ఇంటి సంగతి. మేనకోడలు ఊరుకోలేదు. లాప్‌టాప్‌లో ఆ డ్రైవర్‌ను తన చేత్తో మార్చి కంపైల్ చేసింది. ఆరో రిజిస్టర్ దిద్దితే మా డబ్బాలో ఏ తేడా లేదు. ఎనిమిదోది దిద్దినా మొదట ఏమీ మారలేదు. ఒక సాయంత్రమంతా కూర్చుని కనిపెట్టింది, ఆ రిజిస్టర్‌ను టేబుల్ ఒక్కటే కాదు, పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చే కోడ్ కూడా తర్వాత మళ్లీ రాస్తోందని. ఆ చోట కూడా మార్చింది. పై అంచు వంకర తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. అబ్బా టోపీ నిటారుగా నిలబడింది.

"చూశారా మామూ. డేటాషీటే సరైనది. నేను ప్యాచ్ పంపిస్తా."

వద్దన్నాను. మన దగ్గర ఉన్నది ఒక్క వీసీఆర్, ఒక్క క్యాసెట్, ఒక్క డబ్బా. మనం చూసింది మన ఇంటి నిజం. మన మెషిన్‌లో మార్చుకోవడం నీ హక్, మార్చుకో. దునియాకంతా మార్చాలంటే ఇంకా చాలామంది ఇళ్లలో చూసి రావాలి. తను ముఖం ముడుచుకుంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను పాతకాలపు మనిషినని ఆపాతో చెప్పిందట. ఉండొచ్చు. ఒక మాట దాచను: మా క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించింది తను దిద్దిన డ్రైవర్‌తోనే, నేను వెనకేసుకొచ్చిన పాత అంకెతో కాదు.

మూడో రోజు తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ఏ వీసీఆర్, ఏ మోడల్, టేప్ ఏ ఏటిది, ఏ రిజిస్టర్‌లో ఏది రాస్తే పై అంచున ఎన్ని గీతలు వంకరగా ఉన్నాయి, ఒక్కోటి ఐదుసార్లు చూసి వరసగా రాసింది. విలువ మార్చకుండా, తను చూసింది చూసినట్టు మెయిలింగ్ లిస్టుకు రాస్తుందట, ఎవరైనా తమ ఇంట్లో చూసి చెప్పమని. ఇంగ్లీష్ నేను దిద్దాలట. దిద్దాను. రెండు స్పెల్లింగులు తప్ప ఏమీ లేవు.

అమ్మీకి ఇవేవీ పట్టవు. దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బా ఒంగి వడ్డించే చోటు వచ్చేసరికి ఆపమంది, వెనక్కి తిప్పమంది, మళ్లీ ఆపమంది. తర్వాత లేచి అల్మారాలోంచి ఇంకో క్యాసెట్ తెచ్చి ఒళ్లో పెట్టింది. అది చికాగోలో ఉన్న చాచా 1998లో పంపింది, అక్కడి వాళ్ల పిల్లాడి అఖీఖాది. అమెరికా క్యాసెట్. ఎన్‌టీఎస్‌సీ. డ్రైవర్‌కు ఈసారి ఏమీ చెప్పక్కర్లేదు గానీ, దోస్తు ఇచ్చిన వీసీఆర్ దాన్ని ఆడించదు. మల్టీ సిస్టమ్ వీసీఆర్ కావాలి. మీలో ఎవరింట్లోనైనా పనిచేసేది ఉంటే చెప్పండి, నాలుగు రోజులు వాడుకుని జాగ్రత్తగా తెచ్చిస్తాను.